తోడికోడళ్ళ గీతలు

ఎర్రగా కనిపించేదల్లా దూరంగా ఉన్నదేనని బావగారి సిద్ధాంతం. ఆ లెక్కన సాయంత్రం సూర్యుడు మిట్టమధ్యాహ్నం కంటే నాలుగు కోసులు వెనక్కి జరిగి ఉండాలి, బజారులో టమాటాలు చంద్రుడి మీద కాసి ఉండాలి. చిన్నకోడలు ఈ మాట ఒకసారి మీటింగులో పైకే అంది. బావగారు నవ్వలేదు. ఆయన తనంతట తాను నవ్వే మనిషి కాదు. పై పెదవి ఒక పక్కకు ఎత్తి, పక్కనున్నవాళ్ళను నవ్వమన్నట్టు చూస్తాడు. వాళ్ళు నవ్వుతారు.

పరిశోధన సంస్థలో ఆయన గెలాక్సీల విభాగానికి పెద్ద. ఇంట్లో ఇద్దరన్నదమ్ముల్లో పెద్ద. రెండు పెద్దరికాలు ఒకే నెత్తిన పడితే మెడ పట్టేస్తుంది కాబోలు, ఆయన ఇంకొకరి మాటకు మెడ తిప్పగా ఎవరూ చూడలేదు. ఇంటి పై అంతస్తులో ఆయనా ఆయన భార్యా, కింది అంతస్తులో తమ్ముడూ తమ్ముడి భార్యా. తమ్ముడు ఆ సంస్థలోనే కంప్యూటర్లు చూస్తాడు. వాటికి ఏ రోగం వచ్చినా కుదురుస్తాడు గానీ, అన్న ఎదురుపడితే తన గొంతు తనకే పెగలదు. తమ్ముడి భార్య, ఇంటికి చిన్నకోడలు, బావగారి విభాగంలోనే దుమ్ము గెలాక్సీల మీద పని చేస్తుంది.

దుమ్మంటే మంచం కింద చేరేది కాదు. చావబోతూ నక్షత్రాలు ఊదేసిన మసి. కొత్త నక్షత్రాలు కుప్పలు తెప్పలుగా పుట్టే గెలాక్సీల్లో ఆ మసి తెరలు తెరలుగా కమ్ముకుంటుంది. వెలుగును మింగేస్తుంది, నీలాన్ని ముందుగా మింగుతుంది కాబట్టి తప్పించుకుని వచ్చేది ఎర్రగా కనిపిస్తుంది. మింగింది అరగక వేడెక్కి, ఆ వేడిని ఇన్‌ఫ్రారెడ్ కాంతిగా కక్కుతుంది. ఆ గెలాక్సీల నుంచి వచ్చే కాంతిని టెలిస్కోపుతో పట్టి, విడదీసి, ఏ రంగు దగ్గర ఎంత వెలుగుందో స్పెక్ట్రమ్ గీయిస్తే అక్కడక్కడా గీతలు శూలాల్లా లేస్తాయి. ఒక్కో గీతా ఒక్కో మూలకం చేసిన సంతకం. అది ఉన్న చోటును మైక్రాన్లలో కొలుస్తారు, ఎరుపు వైపుకు పోయేకొద్దీ అంకె పెరుగుతుంది. అయితే విశ్వం సాగుతోంది కాబట్టి, దారిలో కాంతి కూడా సాగుతుంది, గీతలు తమ చోటు వదిలి ఎరుపు వైపుకు జరుగుతాయి. ఎంత జరిగాయో తెలిస్తే గెలాక్సీ ఎంత దూరమో తెలుస్తుంది. ఇందులో చిక్కల్లా ఒకటే. లేచిన గీత ఎవరిదో ముందు తెలియాలి. మనిషిని పోల్చుకోకుండా ఎంత దూరం నడిచి వచ్చాడో చెప్పలేం కదా.

బావగారికి దుమ్మంటే చీదర. "దుమ్ము ఊడ్చేదమ్మా, చదివేది కాదు" అనేవాడు. మరదలికి దుమ్మమ్మ అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఆయన పెడితే పేరు నిలుస్తుంది. గేటు దగ్గర కాపలావాడు కూడా "దుమ్మమ్మగారు వచ్చారు" అని ఎంతో మర్యాదగా చెప్పేవాడు.

ఇంతలో ఆకాశంలో ఒక ఎర్రచుక్క దొరికింది. అంతరిక్షంలో ఉన్న టెలిస్కోపు తీసిన ఫొటోలో ఒక మూల, ఆవగింజలో అరవయ్యో వంతంత. బావగారు దాన్ని చూడగానే తేల్చేశాడు. ఇది విశ్వం పుట్టిన కొత్తల్లో వెలిగిన మొట్టమొదటి గెలాక్సీల్లో ఒకటి, ఇంత దూరపుది ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, స్పెక్ట్రమ్ రాకముందే దానికి 'తొలివెలుగు' అని పేరు పెట్టాడు. విలేకరులను పిలిచే రోజు ఖాయం చేశాడు. సమావేశ మందిరం గోడకు కట్టే గుడ్డ బ్యానరుకు కొలతలు తీయించాడు.

చిన్నకోడలికి ఆ పేరుతో పేచీ లేదు. పేచీ వచ్చే ఏటి టెలిస్కోపు గంటలతో. ఆ టెలిస్కోపు మీద సమయం కోసం ప్రపంచమంతా ఎగబడుతుంది, ఒక్కో సంస్థ ఒక్క పెద్ద దరఖాస్తే పంపగలదు. చుక్క నిజంగా దూరపుదైతే ఆ దరఖాస్తు బావగారి తొలివెలుగులకు పోతుంది. కాదు, దుమ్ముతో ఎర్రబడ్డ దగ్గరిదైతే, తాను ఏళ్ళ తరబడి ఏరి పెట్టుకున్న దుమ్ము గెలాక్సీలకు వస్తుంది. ఈసారి రాకపోతే ఆ టెలిస్కోపు బతికుండగా మళ్ళీ వస్తుందన్న ఆశ లేదు. ఏరుకున్నవన్నీ మూట కట్టి అటకెక్కించడమే.

స్పెక్ట్రమ్ వచ్చింది. దాన్ని శుభ్రం చేసి గీయించే పని బావగారు 'అవునండి'కి అప్పగించాడు. అవునండి అంటే ఆ విభాగంలో పరిశోధకుడు. చాలా చదువుకున్నవాడే, కానీ చదువంతా ఆ ఒక్క మాటలోకి ఇంకిపోయింది. టీ తాగావా అంటే అవునండి, తాగలేదా అంటే అవునండి. ఎండగా ఉందని బావగారంటే చెమట తుడుచుకునేవాడు, చలిగా ఉందంటే చొక్కా బొత్తాలు పెట్టుకునేవాడు.

అవునండి గీయించిన బొమ్మ గోడమీద తెరపై వెలిగింది. మధ్యలో నున్నగా, గుండ్రంగా ఒక్క గీత లేచి ఉంది. దాని నెత్తిన అప్పుడే 'హీలియం, తొలి నక్షత్రాలు' అని రాసి కూడా ఉంది. హీలియం గీత పుట్టేది ఎరుపుకు చాలా ఎడంగా, అది ఇక్కడిదాకా జరిగిందంటే గెలాక్సీ విశ్వం తొలినాళ్ళదే అవుతుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రచురణకు పంపే పరిశోధన పేపరు మీద పేర్లున్నవాళ్ళంతా మర్నాటి మీటింగులో సమ్మతి చెప్పాలి.

అందరూ వెళ్ళాక చిన్నకోడలు తెర దగ్గరే నిలబడింది.

"గీత ఇంత నున్నగా ఎందుకుంది?" అని అవునండిని అడిగింది.

"సార్ నునుపు చేయమన్నారండి. పక్కపక్క అంకెల్ని కలిపి సగటు తీస్తే ఉత్తుత్తి ఎగుడుదిగుళ్ళు, ఆ రొద, తగ్గుతుంది కదండి. చూడ్డానికి బాగుంటుందన్నారు."

"కుడిచివర మూడున్నర మైక్రాన్ల దగ్గర కోసేశారేం? టెలిస్కోపు అయిదు దాకా ఇస్తుందిగా."

"అక్కడంతా రొదేనని సార్ అన్నారండి."

"నువ్వు చూశావా?"

అవునండి తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఆ ప్రశ్నకు అవునండి అనలేడు, కాదండి అనడం రాదు.

అసలు అంకెలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. తాళం లేని గదే, తలుపు తోసినవాడు లేడు. పెద్దాయన బొమ్మ చూశాక ఇంక అంకెలెందుకని ఎవరికి వాళ్ళు ఊరుకున్నారు. ఇంతమంది పట్టాలు పుచ్చుకున్నవాళ్ళు, ఒక్కడి కళ్ళతో అందరూ చూసి సరిపెట్టుకున్నారు. గొర్రెలు నయం, అవి కనీసం గడ్డి కోసమైనా తల వంచుతాయి.

చిన్నకోడలు తన గదికి వెళ్ళి, మూడున్నర వరకే, నునుపు చేయకుండా గీయించింది. ఒంటి గీత ఉన్నచోట రెండు లేచాయి. కుడివైపుది పొడుగు. ఎడమవైపున దాన్ని ఆనుకుని ఇంకొకటి, సరిగ్గా మూడో వంతు ఎత్తున. నునుపు చేసినప్పుడు పొట్టిది పొడుగుదాని కొంగులో దూరి కనపడకుండా పోయింది.

ఆమెకు నవ్వొచ్చింది. ఈ జంట ఆమెకు పాత చుట్టం. ఆక్సిజన్ గీతలవి. ఎక్కడ చూసినా రెండూ కలిసే ఉంటాయి, పొట్టిది పొడుగుదానికి ఎప్పుడూ మూడో వంతే. ఆ ఇంటికి కాపురానికి వచ్చిన కొత్తల్లో ఈ గీతలకు తోడికోడళ్ళు అని పేరు పెట్టుకుంది. పై అంతస్తులో ఉండే అక్క, అంటే బావగారి భార్య, తాటిచెట్టంత మనిషి. తాను ఆమె భుజం దాకా రాదు. ఒకసారి వంటింట్లో ఈ సంగతి చెబితే, "మూడో వంతేంటే, సగమన్నా ఉంటావులే" అని అక్క గిన్నె పక్కన పెట్టి మరీ నవ్వింది.

ఇవి తోడికోడళ్ళయితే హీలియమూ లేదు, తొలి నక్షత్రాలూ లేవు. ఆక్సిజన్ గీతలు ఎరుపుకు దగ్గరగా పుడతాయి, జరిగింది కొంచెమే, కాబట్టి చుక్క బావగారు చెప్పిన దూరంలో లేదు, చాలా ఇవతలే ఉంది. ఎరుపంతా దుమ్ము పులిమిందే.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన. దుమ్ము మనిషికి ఏం కనిపిస్తుంది, దుమ్మేగా. ఇది దుమ్మయితే గంటలు తనవి. తనకు కావలసింది తనకు కనిపిస్తోంది. సరిగ్గా ఇదే పనికి బావగారిని ఇన్నాళ్ళూ లోలోపల తిట్టుకుంటోంది. ఆ తిట్టు తిరిగొచ్చి తన గుమ్మంలోనే కూర్చుంది.

కోసేసిన చివర తెరిచి చూస్తే తేలిపోతుంది. వేలు మీట మీదకు వెళ్ళింది. వెనక్కి తీసుకుంది. ఇప్పుడు తాను ఒక్కతే చూస్తే, అక్కడ ఏ బుడిపె ఉన్నా తనకు పనికొచ్చేలాగే చూస్తుంది. ముందు లెక్క కట్టింది. గీతలు ఎంత సాగినా వాటి మధ్య నిష్పత్తి మారదు, రబ్బరు మీద గీసిన గీతల్లాగా. ఆక్సిజన్ ఇక్కడుంటే హైడ్రోజన్ ఎక్కడుండాలో ఒక అంకె వచ్చింది. ఆ అంకె ఒక్కటే మనసులో పెట్టుకుని కంప్యూటరు కట్టేసింది.

ఇంటికి వెళ్ళాక మొగుడికి చెప్పింది. అతను షూ లేసు విప్పుతూ విప్పుతూ ఆగిపోయాడు.

"అన్నయ్యకి ముందు విడిగా చెప్పకూడదా?"

"విడిగా చెబితే విడిగానే పాతేస్తారు."

"విలేకర్లకి కబురు కూడా వెళ్ళింది. ఇంట్లో మొహాలు మొహాలు చూసుకోవాలి."

"మీ అన్నయ్య మొహం మీరు ఎప్పుడు చూశారు? మీరు చూసేదంతా ఆయన చెప్పులే కదా."

అతను మళ్ళీ లేసు పట్టుకున్నాడు. ముడి బిగుసుకుపోయింది.

మర్నాడు మీటింగులో బల్ల చుట్టూ అందరూ చేరారు. ఒక్కొక్కరూ సమ్మతి అంటూ వస్తున్నారు. కొందరు పేపరు చదవలేదన్న సంగతి వాళ్ళ గొంతులోని ధైర్యమే చెబుతోంది. చిన్నకోడలి వంతు వచ్చింది.

"బావగారూ, ఆ గీత ఒకటి కాదండి. రెండు."

"ఆఫీసులో సార్ అను."

"సార్, ఆ గీత రెండు. నునుపు చేస్తే ఒకటయింది."

"రెండోది రొద."

"రొదకి మూడో వంతు లెక్క తెలియదు కదండి. అవి ఆక్సిజన్ జంట."

బావగారు పై పెదవి ఎత్తాడు. బల్ల చుట్టూ నవ్వు మొదలైంది. "ఏమ్మా దుమ్మమ్మా, గంటలు కావాలంటే అడగాలి. చుక్కని దుమ్ములోకి లాగడమెందుకు? నీకు దుమ్ము కావాలి, దుమ్ము కనిపించింది."

"ఆ అనుమానం నాకూ వచ్చిందండి. అందుకే కోసేసిన చివర నేను చూడలేదు."

నవ్వు సగంలో ఆగింది. చిన్నకోడలు లేచి, బోర్డు మీద 3.67 అని రాసింది. పొట్టి మనిషి కాబట్టి అంకె బోర్డుకు కింది సగంలో పడింది.

"అది ఆక్సిజనే అయితే హైడ్రోజన్ గీత ఇక్కడ లేవాలి. మీరన్నట్టు హీలియమైతే ఇక్కడ ఏ గీతా లేవకూడదు. లేవకపోతే దుమ్మూ వద్దు గంటలూ వద్దు, సమ్మతి చెప్పి కూర్చుంటాను. ఈ లెక్క సరేనా?"

బావగారు నోరు తెరిచేలోగా అలవాటు పనిచేసింది. "అవునండి, సరేనండి" అన్నాడు అవునండి. బతుకులో మొదటిసారి ఆ మాట ఒకరికి ఉపయోగపడింది.

"అయితే చివర తెరువు నాయనా."

అతను బావగారి వైపు చూశాడు. ఇంతమంది చూస్తుండగా వద్దనడం బావగారికీ కుదరలేదు. చేయి ఒకసారి ఊపాడు, ఈగను తోలినట్టు. తెర మీద బొమ్మ కుడివైపుకు సాగింది. మూడున్నర దాటింది. మూడు పాయింట్ ఆరు ఏడు దగ్గర గీత లేచి నిలబడింది. తోడికోడళ్ళిద్దరి కంటే ఎత్తుగా ఉంది. రొద దాని పాదాల దగ్గర గడ్డిపరకల్లా ఉంది.

అప్పుడే బ్యానరు రాసేవాడు తలుపు సందులోంచి తల పెట్టి, "తొలివెలుగు అనేది ఎర్రక్షరాల్లో రాయమంటారా సార్" అన్నాడు. అందరి మొహాలూ చూసి మెల్లగా తల తీసేసుకున్నాడు.

బావగారు కళ్ళద్దాలు తీసి తుడిచాడు. చిన్నకోడలు గుండె దిటవు చేసుకుంది. కేకలేస్తాడు, గదిలోంచి పొమ్మంటాడు, కింది అంతస్తు ఖాళీ చేయమంటాడు. దేనికైనా సిద్ధమైంది, రాబోయేదానికి తప్ప.

"నేను మొదటినుంచీ అనుకుంటూనే ఉన్నాను," అన్నాడు బావగారు, అద్దాలు పెట్టుకుంటూ. "ఇంత ఎరుపు దుమ్ము లేకుండా రాదు."

"అవునండి."

"దూరపువాటిని ఎవడైనా చూస్తాడు. దుమ్ములో దాక్కున్నదాన్ని బయటికి లాగడం, అదీ పని. విలేకర్ల సమావేశం ఆపక్కర్లేదు. బ్యానరు మారిస్తే చాలు. వచ్చే ఏడు దరఖాస్తు దుమ్ము మీదే పంపుదాం, నేనే ముందుండి నడుపుతాను."

బల్ల చుట్టూ తలలు ఊగాయి. నిన్న హీలియానికి చప్పట్లు కొట్టిన చేతులే ఇవాళ దుమ్ముకు కొట్టాయి. చిన్నకోడలు సుద్ద పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కోపగించుకోవడానికి ఎదుట ఒక మనిషన్నా ఉండాలి. ఇక్కడ ఉన్నది గాలివాటు జెండా. దుమ్ము గెలిచింది, తాను ఓడింది. గంటలు వస్తాయి గానీ ఏ గెలాక్సీని ముందు చూడాలో ఇకమీదట బావగారు చెబుతాడు. నునుపు చేయించి మరీ.

సాయంత్రం పై అంతస్తు నుంచి పిలుపు వచ్చింది. బావగారు భోజనం బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. అక్క ఉతికిన బట్టలు మడత పెడుతోంది.

"రా అమ్మా, కూర్చో. రేపు విలేకర్లతో మాట్లాడాలి. దుమ్ము గురించి నాలుగు మాటలు రాసివ్వు. సామాన్యులకి అర్థమయ్యేలా ఉండాలి."

దుమ్మమ్మా అనలేదు. అంటే అవసరం గట్టిదే. ముప్ఫై ఏళ్ళు ఊడ్చేయమన్నదాని గురించి నాలుగు మాటలు కూడా తెలియవన్నమాట, అనుకుంది చిన్నకోడలు. పైకి మాత్రం, "రాసిస్తాను బావగారూ. దరఖాస్తు నా పేరున పంపండి" అంది.

"నీ పేరా?"

"ముందుండి నడిపేది నేను. వెనక మీ పేరు ఉంటుంది."

"ఇంట్లో మనుషుల మధ్య బేరాలేంటమ్మా. చీ."

అక్క దుప్పటి రెండు కొసలూ కలుపుతూ, తల ఎత్తకుండానే అంది. "నేనూ అదే అంటున్నా. ఇంట్లో మనుషులేగా. ఎవరి పేరైతే ఏంటి?"

బావగారు భార్య వైపు చూశాడు. మెడ తిరిగింది, ఎంతైనా. "నీకు తెలీదు, ఊరుకో" అన్నాడు.

"తెలీదు కాబట్టే అడుగుతున్నా. పోనీ ఆ నాలుగు మాటలు మీరే రాసుకోండి. అమ్మాయికి వంట పనుంది."

బావగారు ల్యాప్‌టాప్ ముందుకు లాక్కున్నాడు. మరదలు ఎప్పుడో రాసిచ్చిన దుమ్ము దరఖాస్తులో ముందున్న తన పేరు వెనక్కి జరిపి, అక్కడ ఆమె పేరు టైపు చేశాడు. చిన్నకోడలు కదలకుండా పక్కనే నిలబడి, పంపే మీట నొక్కేదాకా చూసింది. సంస్థ నుంచి ఒకసారి వెళ్ళిన దరఖాస్తు వెనక్కి రాదు. పిడికిలి అప్పటికి విప్పింది. అరచేతిలో గోళ్ళ గుర్తులు పడ్డాయి.

అప్పుడు కిందికి వెళ్ళి, నాలుగు మాటలు రాసింది. శ్రద్ధగానే రాసింది.

ముందుగా చదువుకోవడం కుర్రవాళ్ళ పని అని బావగారి నమ్మకం. మర్నాడు మందిరంలో, కొత్త బ్యానరు కింద, కాగితాన్ని అప్పుడే విప్పాడు. మొదటి వరుసలో తోడికోడళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. తమ్ముడు మైకు వైర్లు సవరిస్తున్న వంకతో ఓ మూల నక్కాడు.

బావగారు గొంతు సవరించుకుని చదివాడు. దుమ్ము అంటే ఏమిటో, అది వెలుగును ఎలా మింగుతుందో గంభీరంగా చెప్పాడు. విలేకరులు రాసుకున్నారు. "ఈ గెలాక్సీ దూరాన్ని మాకు చెప్పినవి ఆక్సిజన్ గీతలు. వీటిని తోడికోడళ్ళ గీతలంటారు."

ఆక్సిజన్ జంట ఆయనకు పుస్తకాల్లోని పేరుతో తెలుసు. ఈ పేరు వినలేదు. క్షణం తడబడ్డాడు గానీ, తనకు తెలియని పేరు ఉందని ఒప్పుకునే మనిషైతే వ్యవహారం ఇంత దూరం ఎందుకు వస్తుంది. ఇంకాస్త గట్టిగా, "అవును, తోడికోడళ్ళంటారు" అన్నాడు.

వెనక వరుసలో ఒక విలేకరి చేయెత్తింది. "ఎందుకలా అంటారండి?"

సమాధానం కాగితంలోనే ఉంది. "పొడుగుదాని పక్కన పొట్టిది ఎప్పుడూ ఉంటుంది. పొట్టిదే కదా అని చిన్నచూపు చూసి, రెండింటినీ కలిపి నునుపు చేసినవాడు గీతని పోల్చుకోలేడు, దూరం తప్పు చెబుతాడు" అని ఒక్క ఊపున చదివేశాడు.

చదివాక అర్థమయింది. చెవులు ఎర్రబడ్డాయి, దుమ్మూ దూరమూ ఏమీ లేకుండానే. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

"మరి అలా తప్పు చెప్పినవాళ్ళు ఉన్నారాండీ?" అంది ఆ విలేకరి, కలం ఎత్తి పట్టుకుని.

బావగారు కాగితం తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు. ఎప్పటిలాగే, పక్కనున్నవాడి వైపు చూశాడు.

"అవునండి" అన్నాడు పక్కనున్నవాడు.

అక్క వంగి తోడికోడలి చెవిలో, "నిజం చెప్పు, మూడో వంతేనా నువ్వు?" అంది. చిన్నకోడలు వినలేదు. తన గెలాక్సీల్లో దేన్ని ముందు చూడాలా అని వరస వేసుకుంటోంది. అన్నిటికంటే ఎర్రగా, అన్నిటికంటే మసకగా ఉన్నదొకటుంది. దాన్ని ఇంతవరకు ఎవరూ ఖాతరు చేయలేదు. దానితో మొదలుపెడదామనుకుంది.